మియాపూర్‌లో పీసీ, తెనాలిలో టీవీ: గేమ్ స్ట్రీమింగ్ డైరీ

పని ఏమిటంటే

మియాపూర్ ఫ్లాట్‌లో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్ ఒకటి ఉంది. నేను ఆఫీసుకి పోయాక పగలంతా అది ఖాళీయే. తెనాలిలో అక్కావాళ్ల ఇంట్లో 43 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ ఉంది, ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది, తొమ్మిదో తరగతి చదివే మేనల్లుడు ఉన్నాడు. వాడికి గేమింగ్ పీసీ కొనిపెట్టే ఆలోచన అక్కకి లేదు, బావకి అసలే లేదు. అందుకని గేమ్ మియాపూర్‌లో నడవాలి, బొమ్మ తెనాలి టీవీ మీద పడాలి, వాడు కంట్రోలర్ మీద నొక్కిన బటన్ మళ్లీ మియాపూర్ చేరాలి. వాడికి ఆ రానూపోనూ తెలియకూడదు.

రెండు ఊళ్ల మధ్య సూటిగా గీత గీస్తే దాదాపు 280 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు ఒక మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. లెక్క ప్రకారం పోయి రావడానికి మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. కాబట్టి దూరం పెద్ద అడ్డు కాదు. మరి ఏది అడ్డు అన్నది కొలిచి చూడటమే ఈ ప్రాజెక్టులో సగం పని.

"యూట్యూబ్‌లో 4కే వీడియో ఆగకుండా వస్తుంది కదా, ఇదెందుకు కష్టం?" అని బావ అడిగాడు. యూట్యూబ్ దగ్గర రాబోయే సీన్ ముందే తయారుగా ఉంటుంది. కొన్ని సెకన్ల వీడియో దింపి దాచుకుని, మధ్యలో నెట్ తడబడినా ఆ నిల్వతో నడిపించేస్తుంది. గేమ్‌లో తర్వాతి ఫ్రేమ్ ఇంకా పుట్టనే లేదు, మనం ఏ బటన్ నొక్కామో చూశాకే పుడుతుంది. నిల్వ చేసుకుందామంటే చేతిలో ఏమీ లేదు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. అంత గడువులో ఫ్రేమ్‌ని పట్టుకోవడం, కుదించడం, పంపడం, విప్పడం, తెర మీద పెట్టడం ఒకదాని వెనక ఒకటి జరుగుతూనే ఉండాలి. ఒక్క ఫ్రేమ్ ఆలస్యమైతే దాన్ని తర్వాత తీరిగ్గా చూపించి లాభం లేదు.

మార్చి: ముందు ఒకే ఇంట్లో

ఊరు దాటే ముందు ఫ్లాట్‌లోనే హాలు నుంచి బెడ్‌రూమ్‌కి నడిపించి చూశాను. పీసీలో బొమ్మ పంపే సన్‌షైన్, అవతల దాన్ని అందుకుని చూపించే మూన్‌లైట్. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. మూన్‌లైట్ చరిత్ర బాగుంటుంది. అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ విద్యార్థులు 2013లో లైమ్‌లైట్ అనే పేరుతో మొదలుపెట్టారు. ఎన్‌విడియా తన షీల్డ్ పరికరాల కోసం చేసుకున్న గేమ్‌స్ట్రీమ్ పద్ధతిని విప్పి చూసి, ఏ ఫోన్‌లోనైనా పనిచేసేలా యాప్ రాశారు. 2023లో ఎన్‌విడియా గేమ్‌స్ట్రీమ్‌ని ఆపేసింది. అప్పటికే సన్‌షైన్ అనే సర్వర్ ప్రోగ్రాం చేతికి అందివచ్చి ఉండటంతో మూన్‌లైట్ వాడేవాళ్లకి పెద్దగా ఇబ్బంది రాలేదు. మూలకర్త వదిలేసిన పద్ధతిని బయటివాళ్లు నిలబెట్టారన్నమాట.

ఇన్‌స్టాల్ చేయడంలో రాయాల్సింది ఏమీ లేదు. బ్రౌజర్‌లో సన్‌షైన్ పేజీ తెరిచి, మూన్‌లైట్ చూపించిన నాలుగంకెల పిన్ కొడితే జత కుదురుతుంది.

కొలవడం ఎలా? మూన్‌లైట్‌లో గణాంకాలు తెర మీదే చూపించే సదుపాయం ఉంది: సర్వర్ ఎంతసేపు తీసుకుంది, నెట్‌వర్క్ ఎంత, డీకోడ్ (కుదించినదాన్ని విప్పడం) ఎంత. పనికొచ్చేదే, కానీ కంట్రోలర్ బ్లూటూత్‌లో పోయే సమయం, టీవీ తన లోపల మింగే సమయం దానికి తెలియవు. అందుకని ఫోన్ స్లో మోషన్ కెమెరాని నమ్ముకున్నాను. సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది, అంటే ఒక్కో ఫ్రేమ్ 4.2 మిల్లీసెకన్లు. బొటనవేలు, తెర రెండూ పడేలా ఫోన్ నిలబెట్టి రాకెట్ లీగ్ అనే కార్ల గేమ్‌లో కారుని ఎగిరించడం, తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేమే జరుపుతూ బటన్ కిందకి దిగినప్పటి నుంచి కారు నేల విడిచేదాకా లెక్కపెట్టడం. విసుగు పని. కానీ ఇంతకన్నా నిజాయితీగా ఏ యాప్ చెప్పదు.

పీసీ ముందే కూర్చుని ఆడితే సుమారు 55 మిల్లీసెకన్లు వచ్చింది. స్ట్రీమింగ్ లేకుండానే! ఇది చాలామందికి తెలియని సంగతి. కంట్రోలర్, గేమ్ ఇంజిన్, మానిటర్ కలిసి ముందే అంత తినేస్తాయి. ల్యాన్ కేబుల్ మీద ల్యాప్‌టాప్‌కి స్ట్రీమ్ చేస్తే 73 దాకా వచ్చింది. అంటే స్ట్రీమింగ్ ఖర్చు 18. అందులో ఫ్రేమ్ పట్టుకుని కుదించడానికి ఐదారు, నెట్‌వర్క్‌కి ఒకటి కన్నా తక్కువ, విప్పడానికి మూడు నాలుగు. మిగతాది తెర రిఫ్రెష్ అయ్యే వంతు కోసం ఎదురుచూడటం.

కుదింపు ఇంత త్వరగా అవడానికి కారణం ఎన్‌వెంక్. గ్రాఫిక్స్ కార్డులోనే వీడియో కుదించడానికి విడిగా పెట్టిన ఓ ముక్క అది. 2012 నాటి కెప్లర్ కార్డుల నుంచీ ఉంది. గేమ్ గీసే భాగాన్ని పెద్దగా కదపకుండా తన పని తను చేసుకుపోతుంది. 3060లోది హెచ్.264, హెచ్‌ఈవీసీ అనే రెండు పద్ధతుల్లోనూ కుదించగలదు. ఏవీ1 కుదింపు కావాలంటే 40 సిరీస్ కార్డు కొనాలి, ఆ ఉద్దేశం లేదు.

తర్వాత ఫ్లాట్‌లో ఉన్న టీవీలో మూన్‌లైట్ యాప్ వేశాను. అక్కడ కళ్లు తిరిగాయి: 190 మిల్లీసెకన్లు! అదే కేబుల్, అదే స్విచ్, అదే పీసీ. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టి, కదలికల్ని నున్నగా చేసే ఆప్షన్లన్నీ తీసేస్తే 112కి దిగింది. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముని ఊహించి గీయాలంటే టీవీ తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా ఆగాలి. సినిమాకి అది సోకు, గేమ్‌కి శాపం. నెట్‌వర్క్ మీద ఒక్క మిల్లీసెకను తగ్గించడానికి తంటాలు పడేవాళ్లు ముందు రిమోట్ చేతిలోకి తీసుకోవడం మంచిది. అక్కడ ఒక్క మెనూలో 78 మిల్లీసెకన్లు దొరికాయి నాకు.

డమ్మీ ప్లగ్

మానిటర్ ఆపేస్తే విండోస్ తెర లేదనుకుంటుంది, సన్‌షైన్‌కి పట్టుకోవడానికి ఫ్రేములు ఉండవు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ దొరికింది. బొటనవేలంత ఉంటుంది, కార్డుకి గుచ్చితే మానిటర్ ఉన్నట్టు నటిస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో వర్చువల్ డిస్‌ప్లే పెట్టే దారీ ఉంది కానీ, 280 కిలోమీటర్ల అవతల డ్రైవర్ అలిగితే ఎవరు బుజ్జగిస్తారు? ప్లగ్ అలగదు.

ఏప్రిల్: ఇంటికి తలుపే లేదు

ఊరు దాటే పని మొదలయింది. మియాపూర్ రౌటర్‌లో వ్యాన్ అడ్రస్ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూస్తే 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులన్నీ 2012లో ఇంటర్నెట్ సంస్థల లోపలి వాడకానికని పక్కన పెట్టినవి. అంటే సీజీనాట్. నాట్ అంటే చాలా పరికరాల్ని ఒకే అడ్రస్ వెనక పెట్టే ఏర్పాటు, ఇక్కడ వందలాది ఇళ్లకి ఒకే బయటి అడ్రస్. మనం బయటకి పోవచ్చు, బయటివాళ్లు మన తలుపు తట్టలేరు, ఎందుకంటే తలుపు మనది కాదు, ప్రొవైడర్‌ది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపుని లోపలి పీసీకి మళ్లించడం) ఎన్ని చేసినా దండగ. తెనాలిలో కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ కూడా ఇదే బాపతు.

వేర్వేరు చోట్ల ఉన్న యంత్రాల్ని ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ పెట్టి చూశాను. రెండు వైపుల నుంచీ ఒకేసారి ప్యాకెట్లు (డేటా ముక్కలు) బయటకి పంపించి, నాట్‌లో పడిన కన్నాల్లోంచి ఒకదాన్నొకటి కలుసుకునేలా చేస్తుంది. చాలా ఇళ్లలో పనిచేస్తుంది. మా తెనాలి వైపు నాట్ మాత్రం గమ్యం మారినప్పుడల్లా పోర్ట్ మార్చేసే రకం. కన్నం దొరకలేదు. అలాంటప్పుడు టెయిల్‌స్కేల్ తన రిలే (మధ్యవర్తి) సర్వర్ మీదుగా నడిపిస్తుంది. మాకు బెంగళూరు రిలే తగిలింది. ఫైల్ పంపుకోవడానికి, రిమోట్‌గా కమాండ్ కొట్టడానికి అది సరిపోతుంది. సెకనుకు మూడు వేల వీడియో ప్యాకెట్లు పోనివ్వడానికి కట్టింది కాదు. రిలే దాకా పోయే దారి టీసీపీ మీద నడుస్తుంది, ఒక ప్యాకెట్ పోతే వెనకవన్నీ దాని కోసం ఆగుతాయి. గేమ్‌కి అంతకన్నా చేటు లేదు.

ఇక్కడ ఒక విచిత్రం. అదే తెనాలి ఇంట్లో అక్క ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ పెడితే రిలే లేకుండా నేరుగా కలిసింది. కారణం ఐపీవీ6, అంటే ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి. మన మొబైల్ నెట్‌వర్కులు చాలా ఏళ్ల కిందటే ఐపీవీ6కి మారాయి, మియాపూర్ ఫైబర్‌లోనూ అది ఉంది. ఐపీవీ6లో ప్రతి పరికరానికీ సొంత అడ్రస్, నాట్ గొడవే లేదు. గాలిలో వచ్చే సిగ్నల్‌కి నేరు దారి ఉంది, గోడలోంచి వచ్చే ఫైబర్‌కి లేదు. అలాగని ఫోన్ మీదే ఆడుదామంటే డేటా? 10 ఎంబీపీఎస్ దగ్గర గంటకు 4.5 జీబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ సరిగ్గా ఇరవై నిమిషాలు వస్తుంది.

కేబుల్ ఆపరేటర్‌ని ఐపీవీ6 అడిగితే "సార్, అది ఏ ఛానల్?" అన్నాడు. నవ్వు ఆపుకుని, దారి మార్చుకున్నాను. మియాపూర్ కనెక్షన్‌కి ఏడాది ఫీజు కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత అడ్రస్, తీసుకున్నాను. ఒక్క వైపు నిజమైన అడ్రస్ ఉంటే చాలు, రెండోవైపు ఎన్ని నాట్‌ల వెనక ఉన్నా వచ్చి తట్టగలదు. రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (రెండు చోట్ల మధ్య రహస్య సొరంగం) పెట్టి, తెనాలి టీవీలోనూ ల్యాప్‌టాప్‌లోనూ దాని యాప్ వేశాను. సన్‌షైన్ పోర్టులు ఇంటర్నెట్‌కి తెరవలేదు, వైర్‌గార్డ్ యూడీపీ పోర్ట్ ఒక్కటే బయటకి కనబడుతుంది. ఇది పట్టింపు కాదు, అవసరం. సన్‌షైన్ చేతిలో మన డెస్క్‌టాప్ మొత్తం ఉంటుంది.

పింగ్, అంటే ప్యాకెట్ పోయి వచ్చే సమయం: 22 మిల్లీసెకన్లు. దారి చూస్తే మియాపూర్ నుంచి చెన్నై పోయి, అక్కడ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారి, విజయవాడ మీదుగా తెనాలికి. లెక్కలో మూడు, నిజంలో ఇరవై రెండు. ఫర్వాలేదు, ఒక ఫ్రేమ్ కన్నా కొంచెం ఎక్కువ.

మే: వేసవి సెలవులు

సెలవులకి తెనాలి వెళ్లి టీవీ ముందు మేనల్లుణ్ణి కూర్చోబెట్టాను. 1080పీ, 60 ఫ్రేములు, 20 ఎంబీపీఎస్. బొమ్మ అదిరింది. కాసేపు ఆడి కంట్రోలర్ కింద పెట్టాడు.

"ఎలా ఉందిరా?"

"బొమ్మ సూపర్ మావయ్యా. కానీ నేను నొక్కితే అది కాసేపు ఆలోచించుకుని దూకుతోంది. అదీ ఒక్కోసారే."

ఆ "ఒక్కోసారే" అన్న మాటే అసలు సమాచారం. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే చెయ్యి అలవాటు పడిపోతుంది. 100 మిల్లీసెకన్లు స్థిరంగా ఉన్న ఆట, 70కీ 150కీ మధ్య ఊగే ఆట కన్నా హాయిగా ఉంటుంది. ఊగిసలాటకి మనిషి మెదడు సర్దుకోలేదు. వాడి ఫిర్యాదుని పట్టుకుని రెండు చివర్లా పింగ్ గ్రాఫ్ పెట్టాను.

గ్రాఫ్‌లో రెండు రకాల శిఖరాలు కనబడ్డాయి. ఒకటి రాత్రి పది దాటాక వచ్చి అరగంట ఉండే గుట్ట, అందులో పింగ్ 22 నుంచి 180 దాకా పాకుతోంది. రెండోది పగలూ రాత్రీ తేడా లేకుండా పొడుచుకొచ్చే సన్నటి ముల్లు.

గుట్ట మియాపూర్‌ది. పది దాటాక ఇంట్లో ఫోన్లన్నీ ఛార్జింగ్‌కి పెడతారు, వెంటనే ఫొటోల బ్యాకప్ మొదలవుతుంది. అప్‌లోడ్ మొత్తం నిండిపోతుంది. మాది రెండు వైపులా 100 ఎంబీపీఎస్ ఫైబర్, స్పీడ్‌కి లోటు లేదు. సంక్రాంతికి పంతంగి టోల్ గేట్ దగ్గర ఏం జరుగుతుందో తెలుసు కదా: హైవే ఎంత వెడల్పుగా ఉన్నా గేటు ముందు క్యూలో చిక్కిన అంబులెన్స్ కూడా క్యూలోనే. రౌటర్‌లోనూ అంతే. ప్యాకెట్లు పారేయడం ఎందుకని తయారీదారులు పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు. నిండిన బఫర్ వెనక నా గేమ్ ప్యాకెట్లు నిలబడి ఉంటాయి. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజినీర్ తన ఇంటి నెట్‌లో గమనించి లోకానికి చాటాడు.

మందు కూడా ఉంది. ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూని అదుపు చేసే ఏర్పాటు) పెట్టి, కేక్ అనే క్యూ పద్ధతి ఎంచుకుని, అప్‌లోడ్‌ని 100 బదులు 88కి బిగించాను. అసలు వేగం కన్నా కొంచెం తక్కువ పెడితే క్యూ ప్రొవైడర్ పెట్టెలో కాకుండా మన రౌటర్‌లో పడుతుంది. మన రౌటర్‌లో పడిన క్యూని మనం సరిదిద్దుకోవచ్చు. కేక్ ఒక్కో కనెక్షన్‌కి విడి వరస కడుతుంది, సన్నటి ధారలకి దారి ఇస్తుంది. ఆ రాత్రి బ్యాకప్ నడుస్తుండగానే పింగ్ 25 దాటలేదు. పన్నెండు ఎంబీపీఎస్ వదులుకుంటే 150 మిల్లీసెకన్లు తిరిగొచ్చాయి. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన బేరం ఇదే.

ముల్లు తెనాలిది. రౌటర్ ముందు గదిలో, టీవీ హాల్లో, మధ్యలో పాతకాలపు ఇటుక గోడ. 5 గిగాహెర్ట్జ్ ఆ గోడ దాటేసరికి నీరసపడుతోంది, టీవీ తనంతట తానే 2.4కి దిగిపోతోంది. ఆ బ్యాండ్‌లో పక్కిళ్ల వైఫైలన్నీ ఉంటాయి. పైగా వైఫై పరికరాలు మధ్యమధ్యలో వేరే ఛానళ్లలో ఇంకేమైనా నెట్‌వర్కులు ఉన్నాయేమో వెతకడానికి పోతాయి. ఆ క్షణంలో మన ఛానల్ వినవు. వాట్సాప్‌కి అది తెలియదు, గేమ్‌కి తెలుస్తుంది.

"నెట్ స్పీడ్ టెస్ట్‌లో 90 వస్తోంది కదా మావయ్యా, ఇంకేం కావాలి?"

"స్పీడ్ సెకను మొత్తానికి సగటురా. మనకి ప్రతి 16 మిల్లీసెకన్లకీ ఒక ఫ్రేమ్ కావాలి. 50 మిల్లీసెకన్లు నోరు మూసుకుని, తర్వాత అన్నీ ఒకేసారి కక్కినా సగటు 90యే చూపిస్తుంది."

వాడికి అర్థమైందో లేదో గానీ తలూపాడు. బజారుకి పోయి క్యాట్6 కేబుల్ తెచ్చి, గుమ్మం పైనుంచి గోడ పట్టుకుని లాగి మేకులు కొట్టాం. అక్కకి ఆ తెల్ల తీగ నచ్చలేదు. టీవీ ల్యాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే, అదే టీవీ వైఫై లెక్కలో అంతకన్నా వేగం. అయినా తీగే గెలిచింది. ముళ్లన్నీ ఒక్క దెబ్బతో పోయాయి.

ప్యాకెట్ల లెక్క

20 ఎంబీపీఎస్‌ని 60 ఫ్రేములకి పంచితే ఒక్కో ఫ్రేమ్ సగటున 41 కిలోబైట్లు. దూరపు కనెక్షన్లకి మూన్‌లైట్ 1,024 బైట్ల చిన్న ప్యాకెట్లు వాడుతుంది, వైర్‌గార్డ్ తన తొడుగు వేసుకున్నాక కూడా దారిలో ఎక్కడా ముక్కలు కాకుండా. అంటే ఫ్రేముకి 40 పైచిలుకు ప్యాకెట్లు. వాటికి తోడు సన్‌షైన్ మామూలుగా 20 శాతం అదనపు ప్యాకెట్లు పంపుతుంది. అవి రీడ్ సాలమన్ గణితంతో తయారైన నకళ్లు లాంటివి. ఫ్రేములో ఏవో కొన్ని ప్యాకెట్లు పోయినా మిగతావాటి నుంచి లెక్కగట్టి నింపుకోవచ్చు. పోయినవాటిని మళ్లీ పంపమని అడిగి తెప్పించుకునేలోగా ఆ ఫ్రేమ్ పాతబడిపోతుంది కాబట్టి ఈ ఏర్పాటు.

అంతకు మించి పోతే బొమ్మ చెడుతుంది. కుదించిన వీడియోలో ఒక్కో ఫ్రేమ్ వెనకటి ఫ్రేము నుంచి మారినదాన్ని మాత్రమే చెబుతుంది, కాబట్టి ఒకటి పోతే తర్వాతివీ తప్పుతాయి. అప్పుడు క్లయింట్ (మూన్‌లైట్) సర్వర్‌కి (సన్‌షైన్‌కి) కబురు పెడుతుంది, సర్వర్ చెడని పాత ఫ్రేమ్ ఆధారంగా కొత్తది గీస్తుంది, కుదరకపోతే పూర్తి ఫ్రేమ్ పంపుతుంది. పూర్తి ఫ్రేమ్ లావు, దానితో ఇంకో క్యూ. సినిమాల కుదింపులో వాడే, భవిష్యత్తు ఫ్రేమ్ చూసి గీసే బీ ఫ్రేములకి ఇక్కడ చోటు లేదు. భవిష్యత్తు కోసం ఆగడమంటే ఆలస్యమే.

కోడెక్ (కుదింపు పద్ధతి) విషయంలో నా ఊహకి విరుద్ధంగా తేలింది. హెచ్‌ఈవీసీతో తక్కువ డేటాకి మంచి బొమ్మ వస్తుంది, కానీ తెనాలి టీవీ చిప్ దాన్ని విప్పడానికి 24 మిల్లీసెకన్లు తీసుకుంటోంది. హెచ్.264 అయితే 13. డేటాకి కొరత లేదు కాబట్టి హెచ్.264 పెట్టేశాను. ఆ పాత ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే డీకోడ్ నాలుగుకి దిగింది! ఇప్పుడు టీవీ ఉత్త తెర. యాప్ పని ల్యాప్‌టాప్‌ది.

జూన్: అద్దె యంత్రం

పీసీ పాడైతే ఏంటి అన్న ఆలోచనతో ఒక శని, ఆదివారం అద్దె దారి కూడా చూశాను. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ ముంబైలో టీ4 గ్రాఫిక్స్ కార్డున్న జీ4డీఎన్ యంత్రం. కొత్త ఖాతాకి ఈ రకం యంత్రాల కోటా సున్నా ఉంటుంది, పెంచమని అర్జీ పెట్టుకుని ఆగాలి. ఆ తర్వాత విండోస్, డ్రైవర్, సన్‌షైన్, గేమ్ డౌన్‌లోడ్. పనిచేసింది. తెనాలి నుంచి ముంబైకి పింగ్ 31. ఆట నిజంగా బాగుంది.

బిల్లు చూస్తే సంగతి వేరు. యంత్రం అద్దె గంటకి డాలరు లోపే. కానీ క్లౌడ్‌లోంచి బయటకి పోయే డేటాకి ముంబైలో జీబీకి సుమారు 11 సెంట్లు. 20 ఎంబీపీఎస్ అంటే గంటకి 9 జీబీ, అంటే దాదాపు డాలరు. నెలకి మొదటి 100 జీబీ ఉచితం గనక పదకొండు గంటల దాకా తెలియదు, తర్వాత యంత్రం కన్నా వీడియో మోసుకొచ్చే కూలీ ఎక్కువ. యంత్రం ఆపేసినా గేమ్ ఫైళ్లున్న డిస్క్‌కి అద్దె నడుస్తూనే ఉంటుంది.

ఈ లెక్క చూశాక పెద్ద కంపెనీలు ఎందుకు తడబడ్డాయో కొంత అర్థమైంది. ఆన్‌లైవ్ 2010లో అమెరికాలో మొదలై 2015లో మూతపడింది. గూగుల్ స్టేడియా 2019 నవంబరులో వచ్చి 2023 జనవరిలో వెళ్లిపోయింది, కొన్నవాళ్లకి గేముల డబ్బు వెనక్కి ఇచ్చి మరీ. స్టేడియా మన దేశానికి రానే లేదు. ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ ఇక్కడికి 2025 నవంబరులో వచ్చింది. సినిమా సర్వర్ ఒకటి వేలమందికి ఒకే ఫైలు పంచగలదు. గేమ్ ఆడే మనిషి ఒక్కడికీ కార్డులో తన వాటా విడిగా ఉండాలి, అందరూ ఆడేది అదే సాయంత్రం ఏడింటికి. మిగతా పగలంతా ఆ కార్డులు నా మియాపూర్ పీసీలాగే ఖాళీ.

నా కార్డుకి డబ్బు ఎప్పుడో కట్టేశాను. కాబట్టి అద్దె యంత్రం ఫైలు మూసేశాను.

జూలై: కరెంటు, నిద్ర

పీసీని రోజంతా ఆన్‌లో ఉంచడం ఇష్టం లేదు. నెట్‌వర్క్ నుంచి పీసీని నిద్ర లేపే వేక్ ఆన్ ల్యాన్ ఉంది కదా అంటే, ఆ మ్యాజిక్ ప్యాకెట్ ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా కేకేసే రకం. వైర్‌గార్డ్ సొరంగం దాటి ఆ కేక రాదు. రౌటర్ ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది కాబట్టి ఆ కేకేదో దాన్నే వేయమన్నాను. దానిలో చిన్న పేజీ పెట్టాను, ఒకే బటన్. మేనల్లుడు ఫోన్‌లో నొక్కితే మియాపూర్‌లో పీసీ లేస్తుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి, లేకపోతే షట్‌డౌన్ చేసిన పీసీ ఈ పిలుపుకి పలకదు. బయాస్‌లో కరెంటు వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యే ఆప్షన్ కూడా పెట్టాను.

వానలు మొదలయ్యాక కరెంటు పోయి రావడం ఎక్కువైంది. ఐదు సెకన్లు పోయినా ఫైబర్ పెట్టె, రౌటర్ మళ్లీ లేచి నిలబడటానికి రెండు మూడు నిమిషాలు. రెండు చోట్లా రౌటర్లకి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాం. పీసీకి యూపీఎస్ ముందే ఉంది.

బావ కూడా ఒక షరతు పెట్టాడు. "చదువు టైమ్‌లో ఇది లేవకూడదు." ఆ పేజీకి టైమ్ తాళం వేశాను: మామూలు రోజుల్లో సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర, ఆదివారం ఇంకాస్త. ఎనిమిదిన్నరకి పీసీ పడుకుంటుంది. వాడు రెండు వారాలు అలిగి, తర్వాత "మ్యాచ్ మధ్యలో ఆపకుండా అయినా చూడు మావయ్యా" అని బేరానికి వచ్చాడు. ఐదు నిమిషాల ముందు తెర మీద హెచ్చరిక వస్తుంది ఇప్పుడు.

ఇప్పటి లెక్క

తెనాలి టీవీ మీద బటన్ నుంచి బొమ్మ దాకా 103 నుంచి 108 మిల్లీసెకన్లు, స్లో మోషన్ కెమెరా సాక్ష్యం. అందులో నెట్ వంతు 22. పీసీ ముందు కూర్చుంటే వచ్చే 55ని కూడా తీసేస్తే, మిగిలిన 26 నుంచి 31లో టీవీ తెర, కుదింపు, విప్పడం. ఫైటింగ్ గేములకి ఇది చాలదు. దెబ్బ కాచుకోవడానికి అక్కడ కొన్ని ఫ్రేములే ఉంటాయి, వాడు ఓడిపోయిన ప్రతిసారీ తప్పు నాదే అవుతోంది. కార్ల రేసులు, క్రికెట్, ఫుట్‌బాల్, కథ ఉన్న పెద్ద గేములు అన్నీ సాఫీగా పోతున్నాయి.

మిగిలిన పనులు రెండు. ఒకటి, వాడి స్నేహితుడు వస్తే రెండో కంట్రోలర్ కలపాలి. మూన్‌లైట్‌లో ఇబ్బంది లేదు, ఆ పాత ల్యాప్‌టాప్ బ్లూటూత్ రెండింటిని ఒకేసారి మోయలేకపోతోంది. రెండోదాన్ని తీగతో పెట్టి చూడాలి. రెండు, కేబుల్ ఆపరేటర్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి ఐపీవీ6 అంటే తెలుసట. వచ్చే నెల కొత్త పరికరం పెడుతున్నామని, అప్పుడు ఆన్ చేస్తామని చెప్పాడు. అది వస్తే మియాపూర్ స్టాటిక్ ఐపీ ఫీజు వచ్చే ఏడాది కట్టక్కర్లేదు. రెన్యువల్ ఏప్రిల్‌లో ఉంది.